చేప తల ముందుకి

ఊళ్ళో అందరూ ఆయన్ని పాలాయన అంటారు. ఆయన దగ్గర ఒక మోటారు సైకిలు ఉంది. రోజూ తెల్లవారుజామున ఇల్లిల్లూ తిరిగి పాలు పోయించుకుంటాడు. రెండు క్యాన్లు బండికి చెరో పక్క తగిలిస్తాడు. 12 కిలోమీటర్ల దూరంలో ఉన్న టౌనుకి తీసుకుపోయి పోస్తాడు. సాయంత్రం మళ్ళీ అదే దారి. కాలేజీ నుంచి కూతుర్ని వెనక ఎక్కించుకుని ఇంటికి తెస్తాడు.

పొద్దున పాలు, సాయంత్రం కూతురు. ఆ ఇంటి బతుకంతా ఆ బండి మీదే నడుస్తోంది.

ఒకరోజు బండి చైను బాగా సాగిపోయింది. కర్ కర్ మని చప్పుడు చేస్తోంది. పాలాయన సాయంత్రం మెకానిక్ షెడ్డుకి తీసుకెళ్ళాడు. మేస్త్రీ కొత్త చైను వేయించాడు. ఇంటికి వచ్చేసరికి రాత్రి ఎనిమిదయింది.

ఆయన భార్య పెద్దయ్యాకే చదువు నేర్చుకుంది. సాక్షరతా కేంద్రానికి వెళ్ళి అక్షరాలు దిద్దింది. ఇప్పుడు కూడబలుక్కుని చదువుతుంది. దొరికిన కాగితమల్లా చదువుతుంది. పొట్లం కట్టిన కాగితం కూడా వదలదు. ఆ రాత్రి ఆమె చేతికి బండి పుస్తకం దొరికింది. బండి కొన్నప్పుడు షాపువాళ్ళు ఇచ్చిన పుస్తకం అది. ఇన్నేళ్ళూ బీరువాలో బట్టల కింద పడి ఉంది.

ఒక పేజీలో చైను బొమ్మ ఉంది. చైను మీద చిన్న క్లిప్పు. క్లిప్పు పక్కన ఒక బాణం గుర్తు. ఆమె వేలు పెట్టి ఒక్కో మాటా చదివింది.

"క్లిప్పు... మూసి ఉన్న కొస... చైను తిరిగే వైపు... ఉండాలి."

రెండుసార్లు చదివింది. బొమ్మ మళ్ళీ చూసింది. టార్చిలైటు తీసుకుని వాకిట్లోకి వెళ్ళింది. బండి పక్కన గొంతుక్కూర్చుంది.

"ఏవయ్యా, ఒకసారి ఇట్రా."

"ఏంటే ఈ రాత్రప్పుడు?"

"పుస్తకంలో బొమ్మ ఒక రకంగా ఉంది. మన బండికి ఇంకో రకంగా ఉంది. ఇది తిరగేసి పెట్టినట్టుంది."

పాలాయన నవ్వాడు. "మేస్త్రీకి పదిహేనేళ్ళ అనుభవం. వాడికి తెలీదా? నువ్వు చదివింది నిన్న మొన్న."

ఆమెకి మనసు చివుక్కుమంది. అయినా ఊరుకోలేదు.

"అనుభవం ఉంటే పొరపాటు రాదా? పోయినేడాది మా పిన్ని కొడుక్కి ఏమైంది? పోతా ఉంటే చైను తెగింది. తెగిన చైను చక్రానికి చుట్టుకుంది. చక్రం పట్టేసింది. వాడు ఎగిరి రోడ్డు మీద పడ్డాడు. చెయ్యి విరిగి మూడు నెలలు పనికి పోలేదు. రేపు సాయంత్రం నీ వెనక కూర్చునేది నీ కూతురే."

పాలాయన నవ్వు ఆగిపోయింది. టార్చిలైటు ఆయన తీసుకున్నాడు. తను కూడా వంగి చూశాడు.

ఆయన ఏం చూశాడో మనమూ చూద్దాం. దానికి ముందు చైను సంగతి తెలుసుకుందాం.

చైను ఏం పని చేస్తుంది?

మోటారు సైకిలుకి రెండు పళ్ళ చక్రాలు ఉంటాయి. ఒకటి చిన్నది. అది ఇంజను దగ్గర ఉంటుంది. రెండోది పెద్దది. అది వెనక చక్రానికి ఉంటుంది. వీటినే మెకానిక్కులు స్ప్రాకెట్లు అంటారు. ఈ రెండింటినీ కలిపేది చైను. ఇంజను తిప్పిన తిప్పుడు చైను ద్వారానే వెనక చక్రానికి చేరుతుంది.

ఇప్పుడు మనం చూసే ఈ రకం చైనుని హాన్స్ రెనాల్డ్ అనే ఆయన 1880లో ఇంగ్లండులోని మాంచెస్టరులో తయారు చేశాడు. మన సైకిలు చైను, మోటారు సైకిలు చైను రెండూ ఆ జాతివే.

చిన్న చక్రానికి 14 పళ్ళు, పెద్ద చక్రానికి 42 పళ్ళు ఉన్నాయనుకోండి. 14ని 3తో హెచ్చవేస్తే 42. అంటే చిన్న చక్రం మూడుసార్లు తిరిగితే పెద్ద చక్రం ఒకసారి తిరుగుతుంది.

చైను ఎన్నో లింకుల వరస. చిన్న మోటారు సైకిళ్ళకు ఎక్కువగా వాడే చైనులో ఒక్కో లింకు అర అంగుళం ఉంటుంది. 106 లింకులుంటే చైను పొడవు 53 అంగుళాలు. నాలుగున్నర అడుగులకి కాస్త తక్కువ.

చైను కొన్నప్పుడు రెండు కొసలూ విడిగా ఉంటాయి. దాన్ని రెండు పళ్ళ చక్రాల మీదుగా చుట్టాలి. తర్వాత రెండు కొసల్నీ కలపాలి. అలా కలిపే లింకునే మాస్టరు లింకు అంటారు. మన షెడ్లలో దాన్ని చైను లాకు అంటారు. మనం కూడా లాకు అనే అందాం.

మిగతా లింకుల్ని ఫ్యాక్టరీలోనే మెషీనుతో నొక్కేసి బిగిస్తారు. అవి చేత్తో ఊడవు. లాకు మాత్రం చేత్తో తీసి పెట్టేది. అందుకే చైను మొత్తంలో మనం కన్నేసి ఉంచాల్సిన చోటు అదే.

లాకులో మూడు ముక్కలు

లాకులో మూడు ముక్కలు ఉంటాయి.

ఒకటి: రెండు పిన్నులున్న పట్టీ. పిన్నులు పట్టీకి బిగించే ఉంటాయి. ప్రతి పిన్ను కొసన చుట్టూ సన్నని గాడి ఉంటుంది.

రెండు: రెండు బెజ్జాలున్న విడి పట్టీ. ఇది పిన్నుల మీదికి ఎక్కుతుంది.

మూడు: క్లిప్పు. ఇది పలచని స్ప్రింగు రేకు. రెండు పిన్నుల గాడుల్లోనూ ఇది కూర్చుంటుంది. విడి పట్టీ ఊడిరాకుండా ఆపుతుంది.

అంటే ఏమిటి? క్లిప్పు పోతే పట్టీ పోతుంది. పట్టీ పోతే పిన్నులు జారతాయి. పిన్నులు జారితే చైను ఊడుతుంది. వేలి గోరంత రేకు మీద మనిషి ప్రాణం ఆధారపడి ఉంది.

ఇది ఎంత తిరుగుడు తిరుగుతుందో తెలుసా? లెక్క వేద్దాం. ఒక కిలోమీటరు పోయేసరికి బండి చక్రం సుమారు 500 సార్లు తిరుగుతుంది. పెద్ద స్ప్రాకెట్టుకి 42 పళ్ళు. 500ని 42తో హెచ్చవేస్తే 21,000. చైనులో 106 లింకులు. 21,000ని 106తో భాగిస్తే దాదాపు 200. అంటే కిలోమీటరుకి చైను సుమారు 200 చుట్లు తిరుగుతుంది. లాకు కూడా అన్ని చుట్లూ తిరుగుతుంది.

పాలాయన రోజుకి 48 కిలోమీటర్లు తిరుగుతాడు. 48ని 200తో హెచ్చవేస్తే 9,600. ఒక్క రోజులో లాకు 9,600 సార్లు పళ్ళ చక్రాల మీదికి ఎక్కి దిగుతుంది. దుమ్ములో, బురదలో, వానలో. అది సరిగ్గా కూర్చుని ఉండాలా, వద్దా?

క్లిప్పు ఒక చేప

క్లిప్పుని దగ్గరగా చూడండి. అది చేపలా ఉంటుంది. ఒక కొస గుండ్రంగా మూసి ఉంటుంది. అది తల. రెండో కొస చీలి ఉంటుంది. అది తోక.

చేప ఎలా ఈదుతుంది? తల ముందుకి పెట్టి ఈదుతుంది. మామూలుగా చేప తోక ముందుకి పెట్టి ఈదదు.

క్లిప్పు కూడా అంతే. చైను ఎటు తిరుగుతుందో అటు తల ఉండాలి. తోక వెనక ఉండాలి.

ఎందుకు?

క్లిప్పు ఎక్కించేటప్పుడు తల పట్టుకుని తోక వైపుకి నొక్కుతాం. తీసేటప్పుడు తోక మీద నొక్కి తల వైపుకి తోస్తాం. ఇప్పుడు చైను తిరుగుతోంది. దారిలో ఒక రాయి తగిలింది. లేదా చైను కవరు రాసుకుంది. తల ముందు ఉంటే ఆ దెబ్బ తలకి తగులుతుంది. క్లిప్పు తోక వైపుకి నొక్కుకుంటుంది. ఇంకా గట్టిగా కూర్చుంటుంది. తోక ముందు ఉంటే దెబ్బ తోకకి తగులుతుంది. మనం చేత్తో తీసినట్టే క్లిప్పుని అది తోసేస్తుంది.

తల ముందుంటే దెబ్బ బిగిస్తుంది. తోక ముందుంటే దెబ్బ ఊడదీస్తుంది. తేడా అంతే. కానీ ఎంత తేడా!

ఇక్కడ ఒక చిక్కు ఉంది. చైను పైభాగం ముందుకి పోతుంది. కిందిభాగం వెనక్కి పోతుంది. కాబట్టి క్లిప్పు పైన ఉన్నప్పుడు తల ఇంజను వైపు ఉండాలి. కింద ఉన్నప్పుడు తల వెనక చక్రం వైపు ఉండాలి. చాలామంది ఇక్కడే తికమక పడతారు.

తికమక పోవడానికి ఒక తేలిక దారి ఉంది. ఇంజను ఆపండి. వెనక చక్రాన్ని చేత్తో మెల్లగా ముందుకి తిప్పండి. చేప ఎటు ఈదుతోందో చూడండి. తల ముందు పోతే సరి. తోక ముందు పోతే తప్పు.

మన చిన్న బండ్లలో చాలావాటికి చైను ఎడమ పక్క ఉంటుంది. బండికి ఎడమ పక్క నిలబడి చైను వైపు చూడండి. బండి ముందు భాగం మీ ఎడమ చేతి వైపు ఉంటుంది. పైభాగంలో చేప తల మీ ఎడమ చేతి వైపు చూడాలి.

ఇంటి దగ్గర ఎలా చూసుకోవాలి?

ముందు జాగ్రత్త. ఇంజను ఆపండి. తాళం చెవి తీసి జేబులో వేసుకోండి. బండి న్యూట్రల్లో ఉండాలి. డబుల్ స్టాండు వెయ్యండి. బండి చల్లారనివ్వండి. పిల్లల్ని దూరంగా ఉంచండి. పైట, తువ్వాలు, వదులు చేతులు చైనుకి దగ్గరగా రాకుండా చూసుకోండి.

ఇంజను నడుస్తుండగా చైనుని ఎప్పుడూ ముట్టుకోకండి. గుడ్డ పెట్టి తుడవకండి. అలా చేసి వేళ్ళు పోగొట్టుకున్నవాళ్ళు ఉన్నారు. చైనుకీ పళ్ళకీ మధ్య వేలు పడితే లాక్కునే టైము ఉండదు. చేత్తో తిప్పేటప్పుడు కూడా చక్రం టైరు పట్టుకుని తిప్పండి. చైను పట్టుకుని లాగకండి.

ఇప్పుడు ఒక్కొక్కటే చూడండి.

1. తుడవండి. జిడ్డు, మట్టి పట్టి ఉంటే క్లిప్పు కనపడదు. పాత బ్రష్షుతో, కాస్త కిరసనాయిలుతో శుభ్రం చెయ్యండి. పెట్రోలు వాడకండి. అంటుకునే ప్రమాదం ఉంది.

2. లాకు వెతకండి. చక్రం మెల్లగా తిప్పుతూ చూడండి. క్లిప్పు బయటి వైపు ఉంటుంది. కొన్ని బండ్లకు చైను మీద పూర్తి కవరు ఉంటుంది. కవరుకి చిన్న రబ్బరు మూత ఉంటుంది. మూత తీస్తే లోపల చైను కొంచెం కనిపిస్తుంది. లాకు సరిగ్గా కనపడకపోతే కవరు ఊడదీయించి చూడాలి.

3. తల ఎటుందో చూడండి. చక్రం ముందుకి తిప్పండి. తల ముందు పోవాలి.

4. క్లిప్పు రెండు గాడుల్లోనూ కూర్చుందా చూడండి. ఒక పిన్ను దగ్గర కూర్చుని, రెండో పిన్ను దగ్గర పైకి లేచి ఉండకూడదు. క్లిప్పు పట్టీకి ఆనుకుని సమంగా పడుకుని ఉండాలి.

5. గోటితో కదిపి చూడండి. క్లిప్పు పైకి లేవకూడదు. పక్కకి జారకూడదు.

6. తోక చూడండి. తోక రెండు పాయలూ మరీ విచ్చుకుని ఉండకూడదు. పగులు ఉండకూడదు. తుప్పు తినేసి ఉండకూడదు.

7. లాకు దగ్గర చైనుని వంచి చూడండి. పక్క లింకుల్లాగే అది కూడా మెత్తగా వంగాలి. బిర్రుగా ఉంటే ఏదో తేడా ఉన్నట్టు.

ఇదంతా చెయ్యడానికి ఎంతసేపు? తుడిచి ఉన్న చైనుకి రెండు నిమిషాలు చాలు.

చేప కనపడకపోతే?

కొందరికి చైను మొత్తం తిప్పినా క్లిప్పు కనపడదు. దానికి రెండు కారణాలుంటాయి.

మొదటిది: మీ చైనుకి క్లిప్పే ఉండకపోవచ్చు. కొన్ని బండ్లకు, ముఖ్యంగా పెద్ద బండ్లకు, చైను కొసల్ని కూడా నొక్కేసి బిగిస్తారు. అప్పుడు పిన్నుల తలలన్నీ చదునుగా పగిలిన మేకు తలల్లా ఉంటాయి. భయపడక్కరలేదు.

రెండోది: క్లిప్పు ఊడి పడిపోయి ఉండవచ్చు. అప్పుడు ఒక లింకు దగ్గర రెండు పిన్నులకీ ఖాళీ గాడులు కనిపిస్తాయి. పట్టీ వదులుగా ఉంటుంది. ఇదైతే బండి కదపకండి. "షెడ్డు దగ్గరే కదా, మెల్లగా పోదాం" అనుకోకండి. మెకానిక్కుని ఇంటికి పిలవండి. లేదా బండిని ఏదైనా ఆటో ట్రాలీలో ఎక్కించి పంపండి.

తీగ చుట్టడం, మేకు దూర్చి వంచడం పనికిరావు. చైను లాగే బలానికి తీగ ఆగదు.

కొత్త లాకు వేసేటప్పుడు

లాకు వేసే పని మెకానిక్కుది. చూసే పని మనది. కాబట్టి పని ఎలా జరగాలో తెలిసి ఉండాలి.

చైను కొసలు రెండూ వెనక పళ్ళ చక్రం మీదికి తేవాలి. పళ్ళ మధ్య అవి కదలకుండా ఉంటాయి. పిన్నులున్న పట్టీని లోపలి వైపు నుంచి బయటికి దూర్చాలి. తర్వాత విడి పట్టీ ఎక్కించాలి. పిన్నుల గాడులు పూర్తిగా బయటికి కనపడేదాకా పట్టీని నొక్కాలి. ఇది ముఖ్యం. గాడి సగమే కనిపిస్తే క్లిప్పు సగమే కూర్చుంటుంది. పైకి బాగానే ఉన్నట్టు ఉంటుంది. రోడ్డు మీద ఊడుతుంది.

తర్వాత క్లిప్పు తల లోపల ఒక పిన్నుని ఉంచాలి. తోకని రెండో పిన్నుకి ఆనించాలి. కటింగ్ ప్లేరు ఒక దవడ క్లిప్పు తలకి, ఇంకో దవడ తోక వైపు పిన్నుకి పెట్టి నొక్కాలి. "టక్" మని కూర్చుంటుంది. తోకని లాగి విచ్చదియ్యకూడదు. విచ్చుకున్న క్లిప్పు తన పట్టు పోగొట్టుకుంటుంది. క్లిప్పు తీసేటప్పుడు, పెట్టేటప్పుడు మొహం దగ్గరగా పెట్టకండి. అది ఎగిరి కంట్లో పడవచ్చు.

పాత క్లిప్పుని మళ్ళీ వాడవద్దు. ఒకసారి తీసిన క్లిప్పులో స్ప్రింగు బలం తగ్గుతుంది. చైను ఊడదీసిన ప్రతిసారీ కొత్త క్లిప్పు అడగండి. దాని ఖరీదు ఒక డ్రెస్సింగు కట్టు ఖరీదుకి కూడా రాదు.

లాకు నంబరు, చైను నంబరు ఒకటే ఉండాలి. నంబరు పట్టీల మీద కొట్టి ఉంటుంది. చిన్న మోటారు సైకిళ్ళలో చాలావాటికి 428 నంబరు చైను వాడతారు. 428 చైనుకి 428 లాకే వెయ్యాలి. "ఇది కూడా పడుతుంది" అంటే ఒప్పుకోవద్దు. అంకెలు వచ్చినవాళ్ళు ఎవరైనా ఇది చూడగలరు.

చివరగా చైను వదులు చూడాలి. మరీ బిగుతుగా ఉంటే లాకు మీద భారం పడుతుంది. మరీ వదులుగా ఉంటే చైను ఎగిరి కవరుకి కొట్టుకుంటుంది. ఎంత వదులు ఉండాలో బండి పుస్తకంలో రాసి ఉంటుంది. చైనుకి 90 నంబరు గేరు ఆయిలు గానీ, చైను కోసం అమ్మే ఆయిలు గానీ పట్టించండి.

కొత్త లాకు వేశాక ఐదు పది కిలోమీటర్లు తిరిగి ఆగండి. మళ్ళీ ఒకసారి చేపని చూడండి.

ఇంకో మాట. వెనక కూర్చునేవాళ్ళ చీర, చున్నీ చక్రంలో పడకుండా వెనక చక్రానికి సగానికి తక్కువ కాకుండా అడ్డు ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989 చెబుతున్నాయి. దాన్ని చీర గార్డు అంటాం. బండి శుభ్రం చేసేటప్పుడు దాన్ని తీస్తే మళ్ళీ బిగించడం మరవకండి.

ఇప్పుడు పాలాయన సంగతి

పాలాయన టార్చిలైటు వేసి చూశాడు. క్లిప్పు పైభాగంలో ఉంది. తల వెనక చక్రం వైపు చూస్తోంది. తోక ఇంజను వైపు ఉంది. ఆయన చక్రం ముందుకి తిప్పాడు. తోక ముందు పోయింది.

ఆమె ఏమీ అనలేదు. పుస్తకం ఆయన ముందు పెట్టింది. ఆయన బొమ్మ చూశాడు. క్లిప్పు చూశాడు. మళ్ళీ బొమ్మ చూశాడు.

"నువ్వు చెప్పింది నిజమేనే" అన్నాడు.

తెల్లవారింది. పాలు ఆగవు కదా. పక్కింటి కుర్రాడి బండి మీద క్యాన్లు పంపించాడు. తను మేస్త్రీకి ఫోను చేశాడు. మేస్త్రీ తనే ఇంటికి వచ్చాడు. కూర్చుని చూశాడు. కాసేపు మాట్లాడలేదు.

"అన్నా, తప్పు నాదే. రాత్రి చీకటి పడింది. పిల్లాడితో వేయించాను. నేను చూడకుండా పంపించాను." తర్వాత ఆమె వైపు తిరిగాడు. "ఇది నువ్వెలా కనిపెట్టావు వదినా?"

"పుస్తకంలో రాసుంది మరిదీ. చదివాను. అంతే."

మేస్త్రీ కొత్త క్లిప్పు తీశాడు. పాతదాన్ని విసిరేశాడు. తల ముందుకి పెట్టి, ప్లేరుతో నొక్కాడు. టక్ మంది. చక్రం ముందుకి తిప్పాడు. ముగ్గురూ వంగి చూశారు. చేప తల ముందు పోయింది.

"డబ్బులెంత?" అన్నాడు పాలాయన.

"డబ్బులొద్దన్నా. వదిన ఒక పని చేసిపెట్టాలి. మా షెడ్డు గోడ మీద ఆ చేప బొమ్మ వెయ్యాలి. కింద నాలుగు మాటలు రాయాలి. పిల్లాడు రోజూ చూస్తాడు."

ఆ ఆదివారం ఆమె షెడ్డుకి వెళ్ళింది. సుద్దముక్కతో గోడ మీద పెద్ద చేప గీసింది. పక్కన బాణం గుర్తు పెట్టింది. కింద గుండ్రని అక్షరాలతో రాసింది:

చేప తల ముందుకి. చూశాకే బండి బయటికి.

గుర్తుంచుకోండి

ఇంజను ఆపాకే చైను ముట్టుకోవాలి.
క్లిప్పు తల చైను తిరిగే వైపు ఉండాలి.
క్లిప్పు రెండు గాడుల్లోనూ కూర్చోవాలి.
పాత క్లిప్పు మళ్ళీ వాడకూడదు.
చైను నంబరు, లాకు నంబరు ఒకటే ఉండాలి.
క్లిప్పు లేని లాకుతో ఒక్క అడుగు కూడా బండి నడపకూడదు.
మెకానిక్కుని నమ్మండి. అయినా మీ కళ్ళతో మీరు చూసుకోండి.

ఖాళీలు నింపండి

1. చైను కొసల్ని కలిపే లింకుని ............ అంటారు.
2. క్లిప్పు మూసి ఉన్న కొస చేపకి ............ లాంటిది.
3. పిన్నుల కొసన చుట్టూ సన్నని ............ ఉంటుంది.
4. 428 చైనుకి ............ నంబరు లాకు వెయ్యాలి.

లెక్క చెయ్యండి

కిలోమీటరుకి చైను 200 చుట్లు తిరుగుతుంది అనుకుందాం. మీ ఊరి నుంచి టౌను 15 కిలోమీటర్లు. పోయి రావడానికి లాకు ఎన్ని చుట్లు తిరుగుతుంది?

మాట్లాడుకోండి

1. "నువ్వు చదివింది నిన్న మొన్న" అని పాలాయన అన్నాడు. ఆమె ఆ మాటతో ఊరుకుని ఉంటే ఏమయ్యేది?
2. మేస్త్రీ తన తప్పు ఒప్పుకున్నాడు. మీరైతే ఏం చేసేవాళ్ళు?
3. మీ ఊళ్ళో చైను తెగి దెబ్బలు తగిలినవాళ్ళు ఉన్నారా? ఎలా జరిగిందో అడిగి తెలుసుకోండి.

రాయండి

మీ ఇంట్లో బండి ఉంటే ఈ రోజే చైను చూడండి. ఒక కాగితం మీద ఇలా రాసి గోడకి అంటించండి. నెలకోసారి నింపండి.

చూసిన తేదీ: ............
బండి మీటరు మీద కిలోమీటర్లు: ............
చేప తల ఎటు ఉంది: ............
క్లిప్పు మార్చిన తేదీ: ............
చూసినవారి సంతకం: ............

వేలిముద్ర వద్దు. సంతకమే చెయ్యండి.